బూడిద ఇటుకల పరిశ్రమ

బూడిద ఇటుక లేదా ఫ్లై యాష్ ఇటుక అనగా బొగ్గు ఆధారిత తాప విద్యుత్ కేంద్రాలలో వ్యర్థంగా మిగిలే బూడిదను సున్నం లేదా సిమెంటుతోనూ, రాతి పొడితోనూ కలిపి, బట్టీలో కాల్చకుండా తయారుచేసే ఇటుక. ఒక పరిశ్రమ వదిలివేసిన వ్యర్థం మరొక పరిశ్రమకు ముడిసరుకు కావడాన్ని వర్తుల ఆర్థిక విధానం అంటారు. తెలుగు ప్రాంతాలలో ఈ విధానానికి అందరికీ తెలిసిన ఉదాహరణలలో బూడిద ఇటుకల పరిశ్రమ ఒకటి. తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఉన్నందున ఆ జిల్లాలోనూ, పొరుగున ఉన్న వరంగల్, హనుమకొండ ప్రాంతాలలోనూ, మరికొంత దూరాన ఉన్న మహబూబాబాద్, జనగామ జిల్లాలలోనూ ఈ పరిశ్రమకు అవకాశం ఏర్పడింది. చిన్న పెట్టుబడితో ప్రారంభించదగిన పరిశ్రమ అయినప్పటికీ ఇందులో లాభనష్టాలను నిర్ణయించేవి ప్రధానంగా మూడు అంశాలు: బూడిద ఎంత దూరం నుండి రావాలి, అది ఏ షరతులపై లభిస్తుంది, తయారైన ఇటుకను కొనేవారు ఎంత దగ్గరలో ఉన్నారు.

నేపథ్యం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఏర్పడ్డాయి. వీటిలో అధిక భాగం పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. భూపాలపల్లి ప్రాంతం గోదావరి లోయ బొగ్గు క్షేత్రంలో భాగం. ఇక్కడ సింగరేణి కాలరీస్ సంస్థకు చెందిన కాకతీయ గనులు (కె.టి.కె. గనులు) ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా మిర్చి, వరి, పత్తి పంటలకూ, బయ్యారం ఇనుప ఖనిజానికీ పేరు పొందింది. జనగామ జిల్లా హైదరాబాదు - వరంగల్ రహదారిపైన, రైలు మార్గంపైన ఉన్నది. మూడు జిల్లాలలోనూ వ్యవసాయమే ప్రధాన వృత్తి. అందుచేత ఇటుకల కోసం పొలాల పైమట్టిని తవ్వడం అనే సమస్య మూడింటికీ సంబంధించినదే.

కాకతీయ తాప విద్యుత్ కేంద్రం

గణపురం మండలం చెల్పూరు గ్రామం వద్ద కాకతీయ తాప విద్యుత్ కేంద్రం కలదు. దీని మొదటి దశ అయిన 500 మెగావాట్ల యూనిట్ 2010లోనూ, రెండవ దశ అయిన 600 మెగావాట్ల యూనిట్ 2016లోనూ వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. మొత్తం సామర్థ్యం 1100 మెగావాట్లు. మొదట ఆంధ్ర ప్రదేశ్ జెన్కో ఆధ్వర్యంలో మొదలైన ఈ కేంద్రం 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ జెన్కోకు బదిలీ అయింది.

భారతదేశంలో దొరికే బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గులో సాధారణంగా 30 నుండి 45 శాతం వరకు బూడిద ఉంటుంది. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 650 గ్రాముల బొగ్గు ఖర్చవుతుందనీ, బొగ్గులో 35 శాతం బూడిద ఉంటుందనీ అనుకుంటే, 1100 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో 24 గంటలు నడిచినప్పుడు లెక్క ఈ విధంగా ఉంటుంది:

* విద్యుదుత్పత్తి - సుమారు 2.64 కోట్ల యూనిట్లు
* అవసరమైన బొగ్గు - సుమారు 17,000 టన్నులు
* వెలువడే బూడిద - సుమారు 6,000 టన్నులు

ఇది అంచనా మాత్రమే. కేంద్రం తక్కువ సామర్థ్యంతో నడిచినా, బొగ్గు రకం మారినా ఈ అంకెలు మారుతాయి. అయినా ఒక కేంద్రం పక్కన ప్రతి రోజూ ఎంతటి గుట్ట పేరుకుపోగలదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బూడిదలో రకాలు

బాయిలర్‌లో బొగ్గును పిండిలాగా పొడిచేసి మండిస్తారు. మండిన తరువాత మిగిలే బూడిదలో సుమారు 80 శాతం పొగతో పాటు పైకి ఎగురుతుంది. పొగగొట్టానికి చేరకముందే విద్యుదావేశంతో పనిచేసే యంత్రాలు (ఇ.ఎస్.పి.లు) దీనిని పట్టి ఉంచుతాయి. ఎగిరే బూడిద కనుక దీనికి ఫ్లై యాష్ అని పేరు. మిగిలిన 20 శాతం ముతక బూడిద బాయిలర్ అడుగున పడుతుంది. దీనిని అడుగు బూడిద అంటారు.

ఫ్లై యాష్‌ను పొడిగా గోదాములలో (సైలోలలో) నిల్వచేసినప్పుడు సిమెంటు, ఇటుకల పరిశ్రమలకు పనికివస్తుంది. అట్లా కాక నీటితో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువులోకి పంపినప్పుడు ముతక, సన్నము కలిసిపోతాయి. చెరువు బూడిదకు సున్నంతో కలిసి గట్టిపడే గుణం తక్కువ. దానిని రోడ్ల కట్టలు పోయడానికి, పల్లపు నేలలు పూడ్చడానికి, గనుల గోతులు నింపడానికి ఎక్కువగా వాడతారు. ఇటుకల పరిశ్రమ పెట్టదలచినవారు తమకు అందేది పొడి బూడిదా, చెరువు బూడిదా అనేది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

చరిత్ర

బూడిదను కట్టడాలలో వాడడం కొత్త సంగతి కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1948 - 1953 మధ్య నిర్మించిన హంగ్రీ హార్స్ ఆనకట్ట కాంక్రీటులో పెద్ద ఎత్తున ఫ్లై యాష్ వాడారు. భారతదేశంలో మాత్రం చాలాకాలం బూడిదను చెరువుల్లోకి వదలడమే జరిగింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 1996-97లో దేశంలోని విద్యుత్ కేంద్రాల నుండి వెలువడిన 6.89 కోట్ల టన్నుల బూడిదలో 9.63 శాతం మాత్రమే వినియోగమైంది. 2021-22 నాటికి ఉత్పత్తి సుమారు 27 కోట్ల టన్నులకు పెరగగా, వినియోగం సుమారు 96 శాతానికి చేరింది.

ఈ మార్పులో తెలుగువారి పాత్ర చెప్పుకోదగినది. విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సంలను కలిపి కాల్చకుండానే గట్టి ఇటుకను తయారుచేసే ఫాల్-జి అనే విధానాన్ని రూపొందించి, ఇన్స్వారెబ్ అనే పరిశోధన సంస్థ ద్వారా ప్రచారం చేశారు. ఫ్లై యాష్, లైమ్, జిప్సం అనే మూడు పదార్థాల పేర్ల నుండే ఈ పేరు వచ్చింది. ఇందులో బూడిదే కాక మిగిలిన రెండు పదార్థాలను కూడా వ్యర్థాల నుండి తీసుకునే వీలున్నది. ఎరువుల కర్మాగారాలలో మిగిలే జిప్సం, ఎసిటిలీన్ వాయువు తయారీలో మిగిలే సున్నపు మడ్డి ఇందుకు పనికివస్తాయి. పెద్ద యంత్రాలు, ఆవిరి గదులు అక్కరలేకపోవడం వలన గ్రామ స్థాయిలో చిన్న పెట్టుబడిదారులు కూడా ఇటుకల యూనిట్లు పెట్టుకోవడానికి ఈ విధానం దారి చూపింది. తరువాతి కాలంలో సున్నం, జిప్సంలకు బదులు సిమెంటు వాడే పద్ధతి కూడా ప్రచారంలోకి వచ్చింది.

చట్టపరమైన నిబంధనలు

బూడిదకు గిరాకీ మార్కెట్లో దానంతట అది పుట్టలేదు. చట్టం ద్వారా కల్పించబడింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం వరుసగా ప్రకటనలు జారీచేసింది.

* 1999 సెప్టెంబరు 14 - విద్యుత్ కేంద్రానికి 50 కి.మీ. లోపు ఉన్న మట్టి ఇటుకల తయారీదార్లు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని ఆదేశించారు.
* 2003 - ఈ పరిధిని 100 కి.మీ.కు పెంచారు.
* 2009 - పొడి ఫ్లై యాష్‌లో కనీసం 20 శాతాన్ని ఇటుకల వంటి వస్తువులు తయారుచేసే చిన్న యూనిట్లకు ఉచితంగా కేటాయించాలని నిర్దేశించారు. బూడిద అమ్మగా వచ్చిన సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి బూడిద వినియోగానికే ఖర్చు చేయాలన్నారు.
* 2016 - పరిధిని 300 కి.మీ.కు పెంచారు. బూడిద ఉత్పత్తుల తయారీకి 100 కి.మీ. లోపు రవాణా ఖర్చు విద్యుత్ కేంద్రమే భరించాలనీ, 100 నుండి 300 కి.మీ. వరకు ఖర్చును కేంద్రమూ, వాడకందారూ సగం సగం పంచుకోవాలనీ చెప్పారు.
* 2021 డిసెంబరు 31 - పాత ప్రకటనల స్థానంలో కొత్త ప్రకటన వచ్చింది. కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలనే సూత్రాన్ని దీనిలో చేర్చారు. గడువులోగా వినియోగం కాని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున విద్యుత్ కేంద్రం పర్యావరణ పరిహారం చెల్లించవలసి ఉంటుంది. 300 కి.మీ. పరిధిలోని భవన నిర్మాణాలలో బూడిద ఇటుకలు, బూడిద ఉత్పత్తులు వాడాలని, అయితే వాటి ధర ప్రత్యామ్నాయ వస్తువుల ధర కంటే ఎక్కువ కాకూడదని కూడా పేర్కొన్నారు.

చివరి నిబంధనలోని షరతు పెట్టుబడిదారునికి ముఖ్యమైనది. మట్టి ఇటుక కంటే బూడిద ఇటుక ధర ఎక్కువైతే, కొనుగోలుదారునిపై ఈ నిర్బంధం వర్తించదు. కాబట్టి చట్టం అండగా ఉన్నప్పటికీ, స్థానికంగా మట్టి ఇటుక ధర ఎంత ఉంటే బూడిద ఇటుక ధరకు అదే పై హద్దు అవుతుంది.

తయారీ విధానం

బూడిదలో ఉండే సిలికా, అల్యూమినాలకు స్వయంగా గట్టిపడే గుణం లేదు. తడి ఉన్నప్పుడు సున్నంతో కలిస్తే అవి సిమెంటులో ఏర్పడే పదార్థాల వంటి బంధక పదార్థాలుగా మారుతాయి. భారతీయ బొగ్గు బూడిదలో సున్నం పాలు తక్కువ కాబట్టి బయట నుండి సున్నం గాని, సిమెంటు గాని చేర్చాలి. జిప్సం కలిపినప్పుడు ఇటుక త్వరగా బిగుస్తుంది.

తయారీలో దశలు ఇవి:

1. బూడిద, రాతి పొడి, సిమెంటు లేదా సున్నం-జిప్సంలను నిర్ణీత పాళ్ళలో తూచి, పాన్ మిక్సర్‌లో కొద్దిగా నీటితో కలుపుతారు.
2. ఈ మిశ్రమాన్ని కన్వేయర్ బెల్టు మీదుగా అచ్చు యంత్రానికి పంపుతారు. యంత్రం హైడ్రాలిక్ ఒత్తిడితో గాని, ప్రకంపనలతో గాని ఇటుకను ఒత్తుతుంది.
3. పచ్చి ఇటుకలను చెక్క పలకలపై పేర్చి ఒకటి రెండు రోజులు నీడన ఆరబెడతారు.
4. ఆ తరువాత వరుసలుగా పేర్చి నీళ్ళు కొడతారు. సిమెంటు ఇటుకలకు కనీసం ఏడు రోజులు, సున్నపు ఇటుకలకు రెండు మూడు వారాలు ఈ క్యూరింగ్ అవసరం.

కాల్చే దశ లేకపోవడం వలన బట్టీకి కావలసిన బొగ్గు, ఊక, కట్టెల ఖర్చు ఉండదు. వానాకాలంలో మట్టి ఇటుకల బట్టీలు ఆగిపోతాయి. రేకుల షెడ్డు ఉంటే బూడిద ఇటుకల పని ఏడాది పొడవునా సాగుతుంది. మట్టి ఇటుకల బట్టీలు చాలావరకు ఒడిశా నుండి వలస వచ్చే కుటుంబాల శ్రమపై ఆధారపడి ఉండగా, బూడిద ఇటుకల యూనిట్ తక్కువమంది స్థానిక పనివారితో నడుస్తుంది.

పెట్టుబడి, ఖర్చులు

రోజుకు 10,000 ఇటుకలు తయారుచేసే యూనిట్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక్కో ఇటుక బరువు 3 కిలోలు, మిశ్రమంలో బూడిద 55 శాతం, రాతి పొడి 35 శాతం, సిమెంటు 10 శాతం అనుకుంటే రోజువారీ ముడిసరుకు ఈ విధంగా ఉంటుంది:

* బూడిద - 16.5 టన్నులు, అనగా దాదాపు ఒక లారీ లోడు
* రాతి పొడి - 10.5 టన్నులు
* సిమెంటు - 3 టన్నులు, అనగా 60 బస్తాలు
* మొత్తం - 30 టన్నులు

బరువులో పదో వంతు మాత్రమే ఉన్న సిమెంటు, ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు అవుతుంది. బరువులో సగానికి మించిన బూడిద ఉచితంగా దొరికినా, దాని లోడింగు, రవాణా ఖర్చులు ఉంటాయి. అందువలన "ఉచిత ముడిసరుకు" అనే మాటను నమ్మి లాభాలు లెక్కవేసుకోవడం సరైన పద్ధతి కాదు. మిశ్రమంలో సిమెంటు ఒక శాతం పెరిగితే ఈ యూనిట్‌కు రోజుకు ఆరు బస్తాలు అదనంగా ఖర్చవుతాయి. ఒక శాతం తగ్గిస్తే ఇటుక బలహీనపడి కొనుగోలుదారులు తిరిగి రారు. లాభం ఈ రెండు హద్దుల మధ్యనే ఉంటుంది.

స్థిర పెట్టుబడిలో స్థలం, షెడ్డు, మిక్సర్, అచ్చు యంత్రం, విద్యుత్ కనెక్షన్, బోరుబావి, పలకలు ఉంటాయి. వీటికంటే చాలామంది మరచిపోయేది నిర్వహణ మూలధనం. ఇటుక తయారైన నాటి నుండి క్యూరింగ్ పూర్తయి అమ్మకానికి సిద్ధమయ్యే వరకు రెండు మూడు వారాల సరుకు ఆవరణలోనే ఉంటుంది. పై ఉదాహరణలో రెండు వారాల సరుకంటే 1,40,000 ఇటుకలు. వాటిలో పోసిన సిమెంటు 840 బస్తాలు. ప్రభుత్వ పనులకు సరఫరా చేసినప్పుడు బిల్లుల చెల్లింపు ఆలస్యమైతే ఈ భారం ఇంకా పెరుగుతుంది.

చిన్న యూనిట్లకు తోడ్పడే పథకాలలో 2008లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పి.ఎం.ఇ.జి.పి.) ఒకటి. దీని కింద ప్రాజెక్టు వ్యయంలో వర్గాన్ని, ప్రాంతాన్ని బట్టి 15 నుండి 35 శాతం వరకు రాయితీ నిర్ణయించారు. తయారీ యూనిట్ల గరిష్ఠ వ్యయ పరిమితిని 2022లో 25 లక్షల నుండి 50 లక్షల రూపాయలకు పెంచారు. షెడ్యూల్డు కులాలు, తెగల పారిశ్రామికుల కొరకు తెలంగాణ ప్రభుత్వం 2014లో టీ-ప్రైడ్ పథకాన్ని ప్రకటించింది. గిరిజన జనాభా అధికంగా గల మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు ఇది సంబంధించినది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను రంగుల వారీగా విభజించినప్పుడు బూడిద ఇటుకల తయారీని అతి తక్కువ కాలుష్యం గల తెలుపు విభాగంలో చేర్చింది.

మూడు జిల్లాలలో పరిస్థితులు

భూపాలపల్లి: బూడిద పుట్టే చోటే యూనిట్ ఉండడం వలన ముడిసరుకు రవాణా ఖర్చు అతి తక్కువ. అయితే జిల్లాలో పెద్ద పట్టణాలు తక్కువ, రైలు మార్గం లేదు. తయారైన ఇటుకను పరకాల మీదుగా వరంగల్, హనుమకొండ వైపు లారీలలో పంపాలి. గనుల కాలనీలు, ప్రభుత్వ భవనాలు, గృహ నిర్మాణ పథకాలు స్థానిక గిరాకీకి ఆధారం.

మహబూబాబాద్: చెల్పూరు నుండి మహబూబాబాద్ పట్టణం గీత గీసినట్లు చూస్తే 90 కి.మీ. ఉంటుంది. రోడ్డు మార్గాన ఇంకా ఎక్కువ. దీనికంటే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచలోని కొత్తగూడెం తాప విద్యుత్ కేంద్రం దగ్గర. కాబట్టి ఈ జిల్లా పెట్టుబడిదారుడు రెండు కేంద్రాల నుండి వచ్చే బూడిద ఖర్చును పోల్చి చూసుకోవచ్చు. తొర్రూరు, మరిపెడ పట్టణాలు వరంగల్ - ఖమ్మం రహదారిపై ఉండడం వలన రెండు వైపులా అమ్మకాలకు వీలున్నది.

జనగామ: ఇక్కడికి చెల్పూరు నుండి బూడిద రావాలంటే రోడ్డు మార్గాన వంద కి.మీ.కు పైగా ప్రయాణించాలి. ముడిసరుకు దూరమైనా మార్కెట్ దగ్గర. హైదరాబాదు - వరంగల్ జాతీయ రహదారి వెంట నిర్మాణాలు ఎక్కువ. ఇటుకలో 35 శాతం ఉండే రాతి పొడిని, సిమెంటును దగ్గరలోనే కొనుగోలు చేయవచ్చు.

ఈ పోలికలో ఒక సామాన్య సూత్రం కనిపిస్తుంది. ఒక టన్ను ఇటుకలో 550 కిలోల బూడిద ఉంటుంది. బూడిదను దూరం మోసుకెళ్ళి మార్కెట్ పక్కన ఇటుక చేస్తే మోయవలసిన బరువు, తయారైన ఇటుకను దూరం మోయడం కంటే దాదాపు సగం. అందుచేత బూడిద గుట్ట పక్కనే యూనిట్ పెట్టడం ఎల్లప్పుడూ లాభదాయకం కాదు. రాతి పొడి కూడా బూడిద దగ్గరే దొరికి, కొనుగోలుదారులు కూడా అక్కడే ఉన్నప్పుడే అది మేలు.

వ్యర్థానికి ధర పుట్టినప్పుడు

బూడిద ఇటుకల పరిశ్రమలోని అసలైన చిక్కు దాని విజయం నుండే పుట్టింది. ఎవరికీ అక్కరలేనంత కాలం బూడిద ఉచితంగా లభించింది. సిమెంటు కర్మాగారాలు పోజోలానా సిమెంటులో 15 నుండి 35 శాతం వరకు బూడిద కలపవచ్చు. రోడ్ల నిర్మాణానికి కూడా బూడిద వాడకం పెరిగింది. దీనితో మేలురకం పొడి బూడిదకు పోటీ ఏర్పడింది. 2021 సెప్టెంబరు 22న కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ బూడిదను పారదర్శకమైన వేలం పద్ధతిలో ఇవ్వాలని, వేలంలో మిగిలినదానిని ముందు వచ్చినవారికి ముందు అనే ప్రాతిపదికపై ఇవ్వాలని విద్యుత్ కేంద్రాలకు సూచించింది. బూడిద అమ్మకం వలన విద్యుత్ ధర తగ్గుతుందనేది దీని వెనుక ఉన్న వాదన. ఉచిత బూడిదను నమ్ముకుని అప్పు తెచ్చి యూనిట్లు పెట్టిన చిన్న తయారీదార్లు పెద్ద సిమెంటు సంస్థలతో వేలంలో పోటీ పడలేరనేది ఎదుటి వాదన. 2021 డిసెంబరు ప్రకటన కూడా బూడిదను ఇతర మార్గాలలో వదిలించుకోగల కేంద్రాలు, తమను కోరి వచ్చిన వాడకందార్ల నుండి పరస్పర అంగీకారంపై ధర వసూలు చేసుకోవడానికి అవకాశం ఇచ్చింది.

రెండవ చిక్కు సరఫరా నిలకడ. విద్యుత్ కేంద్రం ఆగితే బూడిద ఆగుతుంది. పాల్వంచలోని కొత్తగూడెం కేంద్రంలో మొత్తం 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. అదే ఆవరణలో 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2018లోనే ప్రారంభమైంది కనుక అక్కడ బూడిదకు లోటు రాలేదు. ప్రతి చోటా ఇట్లా జరుగుతుందని చెప్పలేము. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ బొగ్గు కేంద్రాలు తక్కువ గంటలు నడవవచ్చు. ఒక వ్యర్థంపై ఆధారపడిన పరిశ్రమ ఆ వ్యర్థాన్ని పుట్టించే పరిశ్రమ ఆయుష్షుకు కట్టుబడి ఉంటుంది. పదేళ్ళ అప్పు తీసుకునేవారు కేంద్రం వయస్సును కూడా చూడవలసి ఉంటుంది.

మూడవది పరిమాణం. చెల్పూరు కేంద్రం నుండి పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజు వెలువడే సుమారు 4,800 టన్నుల ఫ్లై యాష్‌ను పూర్తిగా ఇటుకలకే వాడాలంటే, పైన చెప్పిన పరిమాణంలోని యూనిట్లు దాదాపు 290 కావాలి. అవి రోజుకు 29 లక్షల ఇటుకలు తయారుచేస్తాయి. అన్ని ఇటుకలు కొనే మార్కెట్ ఈ ప్రాంతంలో లేదు. కాబట్టి బూడిద సమస్యను ఇటుకలు ఒక్కటే పరిష్కరించలేవు. సిమెంటు, రోడ్లు, గనుల పూడిక కూడా అవసరమే.

నాణ్యత ప్రమాణాలు

బూడిద-సున్నం ఇటుకలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 12894, బూడిద-సిమెంటు ఇటుకలకు 2018లో వచ్చిన ఐ.ఎస్. 16720 వర్తిస్తాయి. ముడిసరుకైన బూడిదకు ఐ.ఎస్. 3812 ప్రమాణం ఉన్నది. సాధారణ తరగతి ఇటుకలు 24 గంటలు నీటిలో ఉంచినప్పుడు పీల్చే నీరు బరువులో 20 శాతం మించకూడదు. మంచి ఇటుకకు అంచులు పదునుగా, కొలతలు సమానంగా ఉంటాయి. అందువలన గోడకు పట్టే మాలు, పూతకు పట్టే సిమెంటు తగ్గుతాయి.

గ్రామాలలో బూడిద ఇటుక పట్ల కొంత అపనమ్మకం ఉన్నది. ఎర్రగా కాలిన ఇటుకే గట్టిదని, బూడిద రంగుది చిట్లుతుందని కొందరు భావిస్తారు. ఈ అపనమ్మకానికి కొంతవరకు నాసిరకం యూనిట్లే కారణం. సిమెంటు తగ్గించడం, పొడి బూడిదకు బదులు చెరువు బూడిద వాడడం, రెండు రోజులు కూడా నీళ్ళు కొట్టకుండా లారీకెత్తడం వంటివి ఇటుకను బలహీనపరుస్తాయి. ఒక ఊరిలో ఒక యూనిట్ చేసిన నాసి పని ఆ ప్రాంతంలోని మిగిలిన యూనిట్ల అమ్మకాలను కూడా దెబ్బతీస్తుంది.

పర్యావరణం, ఆరోగ్యం

మట్టి ఇటుకతో పోల్చినప్పుడు బూడిద ఇటుక వలన పొలం మట్టి మిగులుతుంది. 3 కిలోల ఇటుకలు లక్ష చేయడానికి కనీసం 300 టన్నుల మట్టి కావాలి. ఇది ఒక ఎకరం పొలంలో సుమారు 5 సెంటీమీటర్ల మందాన పైమట్టిని తీసివేయడంతో సమానం. పంటకు సారమంతా పైమట్టిలోనే ఉంటుంది.

బూడిదను చెరువుల్లో నిల్వ ఉంచడం ప్రమాదకరం. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో కింగ్‌స్టన్ వద్ద 2008 డిసెంబరు 22న బూడిద చెరువు కట్ట తెగి నదినీ, పరిసరాలనూ ముంచివేసింది. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లా సాసన్ వద్ద 2020 ఏప్రిల్‌లో ఇటువంటి చెరువు కట్ట తెగి ఆరుగురు మరణించారు. బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం, క్రోమియం వంటి లోహాలు స్వల్ప పరిమాణంలో ఉంటాయి. కట్టలేని లేదా అడుగు పూత లేని చెరువుల నుండి ఇవి భూగర్భ జలాలలోకి చేరే అవకాశం ఉన్నది. ఇటుకలో గట్టిపడిన బూడిద నుండి ఈ ప్రమాదం చాలా తక్కువ.

అయితే యూనిట్లలో పనిచేసేవారికి, లారీలు తిరిగే దారుల్లోని గ్రామాలవారికి ఎగిరే బూడిద ఇబ్బంది కలిగిస్తుంది. బూడిద రేణువులు అతి సన్నగా ఉండి ఊపిరితిత్తులలోకి చేరుతాయి. లారీలపై టార్పాలిన్ కప్పడం, మూసి ఉన్న ట్యాంకర్లలో పొడి బూడిదను తరలించడం, యూనిట్‌లో నీరు చిలకరించడం, పనివారికి మాస్కులు ఇవ్వడం అవసరం. వీటికయ్యే ఖర్చును ఇటుక ధరలో లెక్కించని యూనిట్ లాభంలో కొంత భాగం నిజానికి పనివారి ఆరోగ్యం నుండి వచ్చినదే అవుతుంది.

ఈ ప్రాంతంలోని ఇతర వ్యర్థాలు

ఊక బూడిద: వరి ధాన్యం బరువులో సుమారు 20 శాతం ఊక. ఉప్పుడు బియ్యం మిల్లులు ఊకను బాయిలర్‌లో వంటచెరకుగా వాడతాయి. ఊకను కాల్చితే దాని బరువులో సుమారు 20 శాతం బూడిద మిగులుతుంది. 100 టన్నుల ధాన్యం ఆడిస్తే 20 టన్నుల ఊక, దాని నుండి 4 టన్నుల బూడిద వస్తాయి. ఈ బూడిదలో అధిక భాగం సిలికా. సరైన వేడిలో కాలినప్పుడు ఇది కూడా సున్నంతో కలిసి గట్టిపడుతుంది. అయితే మిల్లుల బాయిలర్లలో ఊక ఒకే తీరున కాలదు కాబట్టి నల్లని బొగ్గు పాలు ఎక్కువగా మిగిలి ఇటుకలలో వాడకానికి ఆటంకమవుతుంది. తాప విద్యుత్ కేంద్రం లేని జనగామ, మహబూబాబాద్ జిల్లాలలో స్థానికంగా లభించే బూడిద ఇదే.

రాతి పొడి: కంకర క్రషర్ల వద్ద గుట్టలుగా మిగిలే రాతి పొడి ఒకప్పుడు పనికిరానిది. ఇసుక కొరత వలన దీనికి గిరాకీ పెరిగింది. బూడిద ఇటుకలో మూడో వంతు ఇదే.

గనుల పైమట్టి: ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గుపై ఉన్న మట్టిని, రాతిని ఓవర్‌బర్డెన్ అంటారు. దీని నుండి ఇసుకను వేరుచేసి, గోదావరి ఇసుకకు బదులుగా భూగర్భ గనుల ఖాళీలు పూడ్చడానికి వాడే పద్ధతిని సింగరేణి సంస్థ చేపట్టింది.

ఈ మూడింటిలోనూ బూడిద ఇటుకలో కనిపించే క్రమమే కనిపిస్తుంది. మొదట వ్యర్థాన్ని వదిలించుకోవడానికి యజమాని ఖర్చు పెడతాడు. తరువాత ఉచితంగా ఇస్తాడు. గిరాకీ పెరిగాక ధర కడతాడు. మొదటి రెండు దశలలో పెట్టుబడి పెట్టినవారికి లాభం సులభం. మూడవ దశలో నిలబడగలిగేవి, ముడిసరుకుకు ధర చెల్లించవలసి వచ్చినా మట్టి ఇటుక ధరకు మించకుండా నాణ్యమైన ఇటుకను అందించగల యూనిట్లు మాత్రమే.